వీరావల్ బన్నుల మాస్టరు చిన్నారావు

కాశీబుగ్గలో బన్ను తిని చేతులు దులుపుకొని వెళ్ళిపోయేవాళ్ళకి దాన్ని కలిపిన మనిషి పేరు తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు. ఆ మనిషి మా ఆయన చిన్నారావు. పోయిన ఏడాది కార్తీకంలో పోయాడు.

మాది వజ్రపుకొత్తూరు అవతల, సముద్రపు హోరు వినపడే ఊరు. కొబ్బరి తోటల వాళ్ళం. ఆ ఇంట్లో పుట్టి పారా గునపం వదిలేసి పిండిలో చేతులు పెట్టినవాడు ఆయనొక్కడే. మీసాలు రాకముందే బరంపురం వెళ్ళి అక్కడ ఒక బేకరీలో పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చి కాశీబుగ్గలో ఢిల్లీబాబు వాళ్ళ నాన్నగారి బేకరీలో చేరాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన దగ్గరికి వస్తే పులిసిన పిండి వాసన వచ్చేది. ఎన్ని సబ్బులు రుద్దినా పోయేది కాదు. మా అమ్మ ఒకసారి నన్ను పక్కకి పిలిచి, "అల్లుడికి తాగుడు అలవాటు ఉన్నాదేటే?" అని అడిగింది. తాగడమ్మా, అది ఈస్ట్ వాసన అని చెప్పాను. ఈస్ట్ అంటే ఏమిటో అప్పటికి నాకూ తెలియదు.

ఆయన పని పద్ధతి వేరు. తక్కెడ ముట్టుకునేవాడు కాదు. మైదా సంచి లెక్క, నీళ్ళు చేతి లెక్క, పంచదార నాలుక లెక్క. ముందు గోరువెచ్చని నీళ్ళలో ఈస్ట్ వేసి, గుప్పెడు పంచదార చల్లి, మూత పెట్టేవాడు. పైకి నురగ లేచాక మైదాలో పోసి, తీపి తక్కువగా ముద్ద చేసి తడిగుడ్డ కప్పేవాడు. అది ఒకసారి పొంగాక, మిగతా పంచదార రెండో పిసుకుడులో కలిపేవాడు. అప్పుడు చిటికెడు పిండి తుంచి నాలుక చివర పెట్టుకొని, కళ్ళు మూసుకొని, ఉమ్మేసేవాడు. చాలు అంటే చాలు. మొదటే తీపంతా పోస్తే పిండి లేవదని ఆయన గురువు చెప్పాడట. ఎందుకు లేవదో ఆయనా చెప్పలేదు, ఈయనా అడగలేదు.

ఆ రెండో పిసుకుడుకి అసలు పరీక్ష వీరావల్ బన్ను. మా ఒడ్డు ఊళ్ళ మగవాళ్ళు శ్రావణం వచ్చేసరికి గుజరాత్‌లో వీరావల్ రేవుకి, చేపల బోట్ల మీద పనికి పోతారు. పలాస స్టేషన్‌లో గుంపుగా రైలెక్కితే మళ్ళీ దిగేది ఎండలు ముదిరాకే. ఆ ప్రయాణానికి బన్నులు కట్టించుకుంటారు. మామూలు బన్నుకంటే బాగా తియ్యగా, గట్టిగా ఉండాలి. సంచిలో నలిగినా బూజు పట్టకూడదు. టీలో ముంచితే విడిపోకూడదు. ఊరు దాటేవాడికి పెట్టేది తీపి తగ్గితే ఆడవాళ్ళు ఊరుకోరు. ఆ బన్ను చేయడానికి కాశీబుగ్గలో ఆయన పేరే చెప్పేవారు. అంటే, బేకరీవాళ్ళు చెప్పేవారు.

తరవాత కిడ్నీ జబ్బు వచ్చింది. మా ఊళ్ళో అది కొత్త కాదు, మా మావగారు కూడా దానితోనే పోయారు. రోజు విడిచి రోజు పలాస వెళ్ళి డయాలసిస్. డయాలసిస్ సూదులు గుచ్చడానికని ఎడమ చేతికి ఆపరేషన్ చేసి నరం కలిపారు. ఆ చోట చెవి పెడితే లోపల బుర్రుమని మోత. ఆ చేత్తో బరువులు ఎత్తొద్దన్నారు. ఉప్పు వద్దన్నారు. కొబ్బరి తోటలో పుట్టినవాడిని కొబ్బరినీళ్ళు తాగొద్దన్నారు. నీళ్ళు కూడా రోజుకి ఒక సీసా, అంతే.

ఆయన అన్నిటికీ తల ఊపాడు. పని మాత్రం మానలేదు. డయాలసిస్ లేని రోజున పొద్దున్నే ఆటో ఎక్కేవాడు. కుడి చేత్తో పిసికేవాడు, ఎడమ చెయ్యి ఊరికే తొట్టి అంచు మీద ఆనించేవాడు. బరువు పని పాండు చూసుకునేవాడు. పాండు అంటే బట్టీ దగ్గర మనిషి. సరుగుడు కర్రలు ఎగదోసి, ట్రేలు పెట్టి తీసేవాడు. పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు, నెమ్మదస్తుడు.

"ఇంట్లో పడుకోవచ్చు కద మావా" అని నేను అంటే, "ఇంట్లో ఉంటే నాను పేషెంటుని. అక్కడైతే మాస్టర్ని" అనేవాడు. ఊళ్ళో నిజంగానే ఆయన పేరు పోయింది. "డయాలసిస్ ఆయన ఇల్లు ఏది" అని అడిగేవారు.

ఆ శ్రావణంలో ఢిల్లీబాబు ఆయన్ని పక్కన కూర్చోబెట్టి మాట్లాడాడు. వాళ్ళ నాన్నగారి తరవాత బేకరీ తనే చూసుకుంటున్నాడు. చెడ్డవాడు కాదు.

"మాస్టారూ, ఏమీ అనుకోవద్దు. రెండుసార్లు సరుకు తిరిగొచ్చింది. బన్ను అడుగున గట్టిగా ఉంటోందని కంప్లైంట్. ఈ వీరావల్ ఆర్డర్ బాగా దిగిందంటే మీరే ఉండండి, నేను ఇంక ఈ మాట ఎత్తను. దిగకపోతే విశాఖ నుంచి మనిషిని పిలుస్తాను. అతను పిండి కలిపే మిషన్ కూడా తెస్తానంటున్నాడు."

"దిగుతాది బాబూ" అన్నాడు ఈయన. ఇంటికొచ్చి నాతో అదే మాట చెప్పాడు. అన్నం తినకుండా చెప్పాడు.

ఆర్డర్ ఇచ్చింది ముసలమ్మ. పేరు ముసలమ్మే గాని మనిషి గట్టిది, తలమీద చేపల గంపతో కాశీబుగ్గ వీధులన్నీ తిరిగేది. ఆమె కొడుకు అనిల్, వాడితోపాటు వాళ్ళ పేటలో కుర్రాళ్ళు ఆ ఏడు బయలుదేరుతున్నారు. రైలు ఎల్లుండి అనగా ఆ రోజు డయాలసిస్ అయ్యాక ఈయన ఇంటికి రానన్నాడు. పిండి ఈరోజే కలపాలన్నాడు. నీరసంగా ఉన్నవాడిని ఒక్కడినే వదలలేక నేనూ బేకరీకి వెళ్ళాను. వెనక గదిలో కాగితాలు మడతపెడుతూ కూర్చున్నాను.

ముసలమ్మ గుమ్మంలోంచే కేకేసింది.

"బావా, ఈసారి తీపి దట్టించాల. కిందటేడు నా కొడుకు ఫోన్‌లో ఏటన్నాడో తెల్సా, అమ్మా బన్ను తింటంటే అత్తారింటి కాఫీ గుర్తొచ్చిందీ అన్నాడు. అంత సప్పగ."

"నీ కొడుక్కి ఇంకా పెళ్ళే కాలేదు కదే."

"కాలేదు గనకే సెప్తన్నాను. పిల్లనిత్తామని ఒచ్చినోల్ల ఇంట్లో తాగినాడు." నన్ను చూసి, "ఒదినా, నీ మొగుడికి సెప్పవే. పంచదార ఢిల్లీబాబుది, బావదేటి పోయింది" అని వెళ్ళిపోయింది.

మొదటి పొంగు బాగానే వచ్చింది. రెండో పిసుకుడులో ఈయన పంచదార పోసి, చిటికెడు తుంచి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎప్పటికంటే ఎక్కువసేపు మూసుకున్నాడు.

"సప్పగున్నాది" అన్నాడు. ఇంకొంత పోశాడు. మళ్ళీ రుచి చూసి, ఇంకొంత పోశాడు.

పాండు ట్రేలకి నూనె రాస్తూ ఆగాడు. "మాస్టారూ, సాలదేటి?"

"నా నోటికి తెల్దేట్రా?"

పాండు మళ్ళీ ట్రేల మీదకి వంగాడు. ఆయన నాలుకని కాదనడం ఆ బేకరీలో అలవాటు లేదు.

ముద్దలు చేసి ట్రేల్లో పెట్టి గుడ్డ కప్పారు. టీ తాగారు. గుడ్డ తీసి చూస్తే పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఇంకాసేపు ఆగారు. వేలుతో నొక్కితే పడిన గుంట పడినట్టే ఉంది, తిరిగి లేవలేదు. ఈయన నుదుటి మీద చెమట పట్టింది.

"ఆకలి మీదున్నాది. ఈస్టు కొత్త సరుకు, దానికి తిండి సాల్లేదు" అన్నాడు. ముద్దలన్నీ మళ్ళీ తొట్టిలో వేయించాడు. ఇంకో చెంబులో ఈస్ట్ కలిపి, ఇంత పంచదార పాకంలా పోసి, మళ్ళీ పిసికాడు. అంత నీరసంలో ఎక్కడినుంచి వచ్చిందో ఆ బలం. ఎడమ చెయ్యి కూడా పెట్టబోతే పాండు పట్టుకుని పక్కకి తీశాడు.

పొద్దు వాలేసరికి గదంతా వాసన కమ్మేసింది. తాటి చెట్టు కింద నిలబడ్డట్టు ఉంది. పొంగు మాత్రం లేదు. ముసలమ్మ కాసేపు గంప దించి పోదామని మళ్ళీ వచ్చి, ముక్కు మూసుకుంది.

"ఏటి బావా, బన్నులు సేత్తన్నావా, కల్లు దింపుతన్నావా? కుర్రోల్లు రైల్లో బన్ను తిని దొర్లిపోతారు" అంది. ఎవరూ నవ్వకపోయేసరికి గంప ఎత్తుకొని వెళ్ళిపోయింది.

చూద్దామని ఒక ట్రే బట్టీలో పెట్టారు. పైన నల్లగా మాడింది, లోపల ముద్దగా ఉండిపోయింది. ఢిల్లీబాబు వచ్చి ఒకటి విరిచి నోట్లో పెట్టుకొని, మెల్లగా బయటికి వెళ్ళి ఉమ్మేసి వచ్చాడు. మాస్టారి మొహం చూశాడు. ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నాడు గాని ఎవరికీ చేయలేదు.

నేను లేచి తొట్టి అంచుకి అంటిన పిండి గోరుతో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. గొంతు పట్టేసింది. చలిమిడిలో కూడా అంత తీపి ఉండదు. ఇదా ఈయనకి చప్పగా ఉన్నది?

పంచదార డబ్బాలోంచి చిటికెడు తీసి ఆయన దగ్గరికి వెళ్ళాను. "కళ్ళు మూసుకో మావా. నోరు తెరు."

చంటిపిల్లాడిలా తెరిచాడు. నాలుక మీద వేశాను. చప్పరించాడు.

"ఇదేటి సెప్పు."

నాలుకని అంగిలికి రాసి చూశాడు. "ఇసక" అన్నాడు.

పాండు అటు తిరిగిపోయాడు. కళ్ళు తెరిచి ఈయన నా వేళ్ళకి అంటుకున్న పంచదార చూశాడు. రక్తం శుభ్రపడకపోతే కొందరికి నోరు అలా అయిపోతుందని తరవాత ఆస్పత్రిలో నర్సు చెప్పింది. ఎప్పటినుంచి అలా ఉందో ఆయనకే తెలియదు. ఉప్పు లేని కూరలే తింటున్నాడు కదా, అన్నీ ఒకేలా ఉంటాయి. రుచి పోయిందా, లేక కూరే అంతా, ఎలా తెలుస్తుంది?

ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి అశ్విని టెక్కలి నుంచి వచ్చి ఉంది. డిగ్రీ చదువుతోంది, సైన్సు. ఈయన మంచం మీద వాలి ఆమెనే అడిగాడు.

"అమ్మీ, ఈస్టుకి తిండి ఎక్కువైతే ఏటవుతాది?"

అది పుస్తకం తీయకుండానే చెప్పింది. "ఈస్టంటే ప్రాణమున్నదే నాన. కంటికి కనబడనంత సిన్నది. పంచదార కొంచెం కొంచెంగా అందితే, గాలి పీల్చుకుంటా పూర్తిగా అరిగించుకుంటాది. బాగా పెరుగుతాది, పిల్లల్ని పెడతాది."

"ఎక్కువుంటే?"

"గాలి పక్కనే ఉన్నా పట్టించుకోదు. గబగబా మింగేసి, సగం అరిగించి, మిగతాది సారా సేసి వదిలేత్తాది. పిండిలో ఎలాగూ గాలి తక్కువ, కొంచెం సారా, కొంచెం గాలిబుడగ ఒత్తాయి. ఆ బుడగలతోనే కదా నీ బన్ను పొంగేది. సారా బట్టీలో ఎగిరిపోతాది."

"గాలి ఉండి కూడా ఎందుకలగ?"

"ఆత్రం. ఇంకోటి తినీకుండా దొరికింది దొరికినట్టు లాగేసుకోడం. సారా ఉంటే పక్కనున్న వేరే సూక్ష్మజీవులు బతకలేవు. పంచదార అయిపోయాక, అప్పుడు గాలి పీల్చుకుంటా ఆ సారానే తాగుతాదంట. మా మేడమ్ సెప్పింది."

"అచ్చం మీ నూకయ్య మావే" అన్నాడు ఈయన. నూకయ్య మా అన్న. ముందు పెళ్ళిభోజనం, తరవాత సీసా. అశ్విని నవ్వింది, నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మరీ ఇంకా ఎక్కువైపోతే?"

"ఇంక ఏదీ సెయ్యలేదు. అంత పంచదార దాని ఒంట్లో నీళ్ళు బయటికి లాగేత్తాది. ఉప్పేసిన మామిడిముక్క నీరు వదిలినట్టు. ముడుచుకుపోయి పడుంటాది."

"పిండి నిండా నీళ్ళే కదే."

"ఉన్నా తాగలేదు నాన."

ఆయన తలగడ పక్కనున్న నీళ్ళ సీసా వైపు చూశాడు. అందులో అడుగున కొంచెం ఉన్నాయి. "దప్పికతో పడుకున్నదానికి ఆకలేత్తందనుకొని ఇంకా తిండి పోసినాను" అన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్నే ఆయన చొక్కా వేసుకుంటుంటే నేనూ చీర మార్చుకున్నాను. జీడిపప్పు పనికి పోయే ఆడవాళ్ళతో ఆటో నిండిపోయింది. ఇద్దరం ఒకరి మీద ఒకరం ఒరిగి కూర్చున్నాం.

ఢిల్లీబాబుకి ఆయనే చెప్పాడు. "నా నోరు పోనాది బాబూ. ఈరోజు మా ఆవిడ నాలికతో సేత్తాను. నీకిష్టమైతేనే." ఢిల్లీబాబు నావైపు చూశాడు. ఇంట్లో పప్పు, పులుసు తప్ప ఏదీ రుచి చూసి మాట్లాడిన దాన్ని కాదు. నాలో ఏం చూశాడో, ఢిల్లీబాబు సరేనన్నాడు.

మొదటి పొంగు వచ్చింది. రెండో పిసుకుడు మొదలైంది. పాండు పంచదార పోస్తున్నాడు, ఈయన పిసుకుతున్నాడు, నేను తొట్టి పక్కన నిలబడ్డాను.

"ఎలగున్నాది?"

"తియ్యగున్నాది."

"అలగ కాదే. తీపి ఎక్కడ తగిల్తన్నాది?"

నాకు తెలియలేదు. ఆయన విసుక్కోలేదు. "నాలిక కొసకి తగలాల. ఎంటనే ఎల్లిపోకూడదు, గొంతుకి అంటుకోకూడదు. ఉమ్మేసినాక కూడా నీకు ఇంకొంచెం కావాలనిపించాల. అదీ లెక్క. ఇప్పుడు సూడు."

చూశాను. ఉమ్మేశాక ఏమీ అనిపించలేదని చెప్పాను. ఇంకొంత పోయించాడు. మళ్ళీ చూశాను. చెప్పడానికి భయం వేసింది. ఈ నాలుక మీద ఆయన ఉద్యోగం ఉంది. తప్పు చెప్తే తప్పని చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

"సాలు మావా" అన్నాను.

"నిజమేనా?"

"నిజమే."

నా మొహంలోకి చూశాడు. అంతకుముందెప్పుడూ ఆయన అలా చూడలేదు, దారి తెలియని ఊళ్ళో బస్సు కోసం ఎవరినో అడిగినట్టు. తరవాత తడిగుడ్డ కప్పాడు.

పొంగింది. వేలు పెడితే మెల్లగా పైకి లేచింది. బట్టీలోంచి ట్రే తీసేసరికి బెల్లం రంగు వచ్చింది, అడుగున తడితే బోలుగా మోగింది. పైన పాకం పూశారు. ఢిల్లీబాబు ఒకటి మొత్తం తినేశాడు. సాయంత్రం ముసలమ్మ సంచులు పట్టుకొని వచ్చి, ఒకటి కొరికి, చాలాసేపు నమిలింది.

"బాగున్నాదని అనకూడదు. మల్లీ ఏడాది మర్సిపోతాడు" అంది. సంచులు కట్టించుకొని, వెళ్తూ వెళ్తూ నా చెయ్యి నొక్కి, "రైలెక్కినాక ఏడుత్తాను ఒదినా, ఇప్పుడు నాకు తీరిక నేదు" అని వెళ్ళిపోయింది.

ఢిల్లీబాబు మా దగ్గరికి వచ్చాడు. "మాస్టారూ, మాట మాటే. విశాఖ మనిషిని పిలవను. వదినగారు రోజూ కాసేపు వస్తే చాలు. మీరే ఉండండి."

నాకు ప్రాణం లేచి వచ్చింది. రోజూ వస్తాను అనబోయాను. ఈయన చేతులు తుడుచుకుంటున్నాడు. వేళ్ళ సందుల్లో పిండి కొంచెం కొంచెంగా తీసుకుంటున్నాడు.

"ఒద్దు బాబూ."

"ఏం మాస్టారూ?"

"బన్ను బాగొచ్చింది. బాగొచ్చిందని నాకు మీరు సెప్తే తెలిసింది. మా ఆవిడ సాలంటే ఆపినాను. కాదంటే పోసేవోడిని. ఇందులో నానెక్కడున్నాను? లేని దగ్గిర ఉన్నట్టు నిలబడ్డం నా వల్ల కాదు." బట్టీ వైపు చూపించాడు. "పాండుని పెట్టు. బయటోడు ఒద్దు. ఆడికి నోరున్నాది, భయం కూడా ఉన్నాది. నాలుగు రోజులు నాను పక్కన కూకుంటాను, అన్నీ సెప్తాను. తరవాత రాను."

పాండు బట్టీ దగ్గర నిలబడి అంతా విన్నాడు. "నాకొద్దు మాస్టారూ" అన్నాడు.

"నీకు కావాలా ఒద్దా అని ఎవుడడిగినాడ్రా" అన్నాడు ఈయన. ఆ రోజంతటికీ గట్టిగా మాట్లాడింది అప్పుడే.

చెప్పినట్టే కొన్నాళ్ళు వెళ్ళాడు. బల్ల మీద కూర్చొని పాండుకి చెప్పేవాడు. పాండు మొదట్లో రెండుసార్లు చెడగొట్టాడు. మూడోసారి కుదిరింది. ఆ రోజు ఈయన కొక్కేనికి తగిలించిన పాత లుంగీ తీసి మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఢిల్లీబాబు గుమ్మం దాకా వచ్చాడు.

ఆటోలో మేమిద్దరమే ఉన్నాం. కాశీబుగ్గ దాటి జీడితోటలు మొదలయ్యాక అడిగాను.

"రేపు ఏటి సేత్తావు మావా?"

"రేపు డయాలసిస్ కదేటి."

ఎల్లుండి సంగతి నేను అడగలేదు. ఆయన కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకొని, వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ, ఊరు వచ్చేదాకా తోటల్నే చూస్తూ కూర్చున్నాడు.